విప్పారు... బిగించారు... వెలగలేదు!

స్క్రూలన్నీ బిగించేశారు. ఒకటి మిగిలింది. అది ఎక్కడిదో ఎంత ఆలోచించినా తట్టలేదు. సరేలే అని పక్కన పెట్టి పవర్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దుటిదాకా ముక్కుతూ మూలుగుతూ అయినా పనిచేసిన ల్యాప్‌టాప్ అది. ర్యామ్ పెంచుదామనో, ఫ్యాన్‌లో దుమ్ము దులుపుదామనో, నాలుగు మీటలు ఊడిన కీబోర్డు మారుద్దామనో మూత విప్పారు. వీడియో పక్కన పెట్టుకుని అందులో ఎలా చెబితే అలాగే చేశారు. కానీ ఇల్లలకగానే పండగ కాదుగా! బిగించాక వెలగకపోతే ఏం చేయాలో చెప్పకుండానే చాలా వీడియోలు ‘సబ్‌స్క్రైబ్ చేసుకోండి’ అంటూ ముగిసిపోతాయి.

ఆ ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే, ఊరంతా సీటీసీ అని పిలిచే ఆ కంప్యూటర్ల బజారుకి వెళ్తే, కౌంటర్ మీద పడే మొదటి ప్రశ్న: ‘ఇంట్ల ఓపెన్ చేసిన్రా అన్నా?’ అవునని తలూపితే రెండోసారి వినిపించేది ప్రశ్న కాకపోవచ్చు, తీర్పే కావచ్చు: ‘బోర్డు పోయింది.’

ఆ తీర్పును అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు. నిన్నటిదాకా నడిచిన మదర్‌బోర్డు, మీరు ర్యామ్ మార్చిన పావుగంటలో తనంతట తానే చచ్చిపోవడం అరుదు. ఇంటి రిపేరు తర్వాత వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం చెయ్యి పడిన చోటే ఉంటాయి. సగం దిగిన ర్యామ్, వంకరగా కూర్చున్న రిబ్బన్ పట్టీ, తగిలించడం మరిచిన ప్లగ్గు, చోటు మారిన స్క్రూ. పాత యంత్రం తనంతట తానే మొరాయిస్తే అనుమానితులు వందమంది ఉంటారు. ఇక్కడ మాత్రం జాబితా చిన్నది, పైగా అది మీకే తెలుసు. ఏయే భాగాలు ముట్టుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని, చివర ముట్టుకున్నదాని నుంచి వెనక్కి రండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

మొదట కరెంటు సంగతి

ఏ దీపమూ వెలగడం లేదా? ఛార్జరు పీకేసి, మూత తీసి, బ్యాటరీ ప్లగ్గు వేరు చేసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకోండి. బోర్డు మీది కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. తర్వాత బ్యాటరీ పెట్టకుండా ఛార్జరు ఒక్కటే తగిలించి చూడండి. చాలా మోడళ్లు బ్యాటరీ లేకపోయినా లేస్తాయి. అలా లేస్తే గొడవ బ్యాటరీ వైపుంది.

ఇక్కడ చాలామందిని హడలగొట్టే చిన్న విషయం ఒకటుంది. విప్పేముందు లోపలి బ్యాటరీని ఆపేయడానికి థింక్‌ప్యాడ్ లాంటి కొన్ని మోడళ్ల బయోస్‌లో, అంటే విండోస్‌కు ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఒక సదుపాయం ఉంటుంది. మంచి పద్ధతే. కానీ అలా ఆపేశాక, మళ్లీ ఛార్జరు తగిలించేదాకా ఆ యంత్రం కదలదు. కొత్తగా కొన్న బ్యాటరీలు కొన్ని కూడా అంతే, రవాణాలో కరిగిపోకుండా నిద్రలో పెట్టి పంపిస్తారు, ఛార్జరు కరెంటు తగిలితేనే మేలుకుంటాయి. బ్యాటరీ మార్చి, బిగించి, బటన్ నొక్కి ‘డెడ్’ అనుకున్న ల్యాప్‌టాప్‌కు కావాల్సింది ఛార్జరు మాత్రమే కావచ్చు.

రెండో అనుమానం పవర్ బటన్ మీదే. ఇప్పుడొస్తున్న చాలా మోడళ్లలో పవర్ బటన్ కీబోర్డులోనే ఒక మీట. కీబోర్డు పట్టీ సరిగా కూర్చోకపోతే మీరు బటన్ నొక్కిన సంగతి బోర్డుకు చేరనే చేరదు. బోర్డు నిక్షేపంగా ఉంటుంది, పిలుపు వినపడదంతే.

ఛార్జరు వైపు ఒక సంగతి. డెల్ గుండ్రటి పిన్ను ఛార్జర్లలో నడుమ సన్నని సూది ఉంటుంది. తాను ఎన్ని వాట్ల ఛార్జరో ల్యాప్‌టాప్‌కు చెప్పుకునేది దాని ద్వారానే. ఛార్జింగ్ జాక్ మార్చినప్పుడు ఆ తీగ అందకపోతే యంత్రం వెలుగుతుంది కానీ బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ నత్తనడక నడుస్తుంది. కొత్త బ్యాటరీ కొన్నా ఫలితం ఉండదు.

దీపాల భాష

ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలిగింది, తెర మాత్రం నలుపు. బజారు భాషలో ‘నో డిస్‌ప్లే’. ర్యామ్ ముట్టుకున్న వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, త్వరగా తేలిపోయేదీ ఇదే. ర్యామ్ ముక్కను ఏటవాలుగా లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కాలి. చాలామంది నొక్కుతారు కానీ ముందు తోయాల్సినంత తోయరు. రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పడ్డాయి కదా అని మోసపోవద్దు, బంగారు రంగు గీతలు దాదాపు కనిపించనంత లోపలికి దిగితేనే దిగినట్టు. రెండు ముక్కలుంటే ఒకటి తీసేసి ఒక్కొక్కటీ ఒక్కో గాడిలో మార్చి చూడండి.

డీడీఆర్5 ర్యామ్ అయితే ఇంకో మాట. కొత్త ముక్క పెట్టగానే బోర్డు దానితో లంకె కుదుర్చుకోవడానికి మొదటిసారి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, ఒకటి రెండుసార్లు తనే ఆగి తనే లేవచ్చు కూడా. ఈ నల్లతెర చూసి బటన్ నొక్కి ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. టీ తాగి రండి.

పాత యంత్రాల్లో తిప్పలు వేరు. డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి, డీడీఆర్3ఎల్‌కి 1.35 చాలు. రెంటికీ 204 పిన్నులే, గాడీ ఒకటే, కాబట్టి దేంట్లోనైనా దూరతాయి. తక్కువ వోల్టేజీ మీదే నడిచేలా తయారైన ల్యాప్‌టాప్‌లో ఎక్కువ వోల్టేజీ ముక్క పెడితే తెర రాదు. కోఠి గుజరాతీ గల్లీలోనో మరెక్కడో సెకండ్‌హ్యాండ్ ముక్క కొనేటప్పుడు స్టిక్కర్ మీద ‘ఎల్’ అక్షరం చూసుకోవాల్సింది అందుకే. డీడీఆర్4కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262. వీటి గాడి కోత చోటు మారుతుంది కాబట్టి తప్పుడు ముక్క దూరనే దూరదు, బలవంతం చేస్తే తప్ప.

నోరులేని యంత్రం దీపాలతో చెబుతుంది. డెల్‌లో దీపం కాషాయం రంగులో 2 సార్లు, తెల్లగా 3 సార్లు ఆరి వెలిగితే ర్యామ్ కనపడలేదని అర్థం. 2, 7 అయితే తెర సంగతి. హెచ్‌పీలో దీపం 3 సార్లు నిదానంగా, 2 సార్లు గబగబా మెరిస్తే మళ్లీ ర్యామే. ఏ కంపెనీదైనా ఈ లెక్కల పట్టిక మోడల్ పేరుతో ఉండే సర్వీసు మాన్యువల్‌లో దొరుకుతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ వీటిని తమ సైట్లలో ఉచితంగానే పెట్టాయి. వీడియోలకంటే ఇవి చదవడం మేలు. ఏ స్క్రూ ఎంత పొడవో కూడా వీటిలో ఉంటుంది, ఆ సంగతికి మళ్లీ వద్దాం.

పట్టీలు, వాటి తాళాలు

చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్‌లను మూలన పడేసేవి రిబ్బన్ కేబుళ్లు. కాగితం మందంలో, తెల్లగానో గోధుమరంగులోనో ఉండే పట్టీలు. కీబోర్డుకొకటి, దాని వెనక వెలుగుకొకటి, టచ్‌ప్యాడ్‌కొకటి, పక్కనున్న యూఎస్‌బీ బోర్డుకొకటి. వీటి సాకెట్‌కు గోరంత తాళం ఉంటుంది. కొన్నింటిలో ఆ నల్లటి రెక్క పైకి లేస్తుంది, కొన్నింటిలో రెండు చివర్లా పట్టుకుని ముందుకు జరపాలి, కొన్నింటికి తాళమే ఉండదు, తిన్నగా లాగితే వచ్చేస్తుంది. ఏది ఏ రకమో చూడకుండా లాగితే రెక్క టప్పున ఊడి చేతికొస్తుంది. అది కంటికి ఆనేంత కూడా ఉండదు, గచ్చు మీద పడితే ఇక దొరకదు.

సరిగా పెట్టిందీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. చాలా పట్టీల మీద చివరికి కొంచెం ఇవతల ఒక అడ్డగీత ముద్రించి ఉంటుంది. తాళం వేశాక ఆ గీత సాకెట్ అంచుకు సమాంతరంగా కనిపించాలి. ఒక పక్క దగ్గరగా, ఒక పక్క దూరంగా ఉంటే పట్టీ వంకరగా దూరిందన్నమాట. టార్చి వేసి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూడండి. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడ కళ్లను నమ్మొద్దు.

వంకర పట్టీ చేసే చిత్రాలు చూడాల్సిందే. కీబోర్డులో ఒక్కో మీటకూ విడిగా తీగ ఉండదు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలు గళ్లుగా అల్లి ఉంటాయి. ఒక మీట నొక్కితే ఒక అడ్డతీగ, ఒక నిలువుతీగ కలుస్తాయి. పట్టీలో ఒక్క గీత తాకకపోతే ఆ తీగ మీదున్న మీటలన్నీ గుంపుగా పోతాయి. ఎక్కడెక్కడో ఉన్న ఐదారు మీటలు ఒకేసారి పనిచేయడం మానేశాయంటే కొత్త కీబోర్డు లోపమని షాపుకు పరుగెత్తకండి, పట్టీ తీసి మళ్లీ పెట్టండి. ఒక మీట నొక్కితే రెండక్షరాలు పడటం, ఎవరూ ముట్టకుండానే ఒక అక్షరం వరసగా పడుతూ పోవడం, ఇవి కూడా చాలాసార్లు పట్టీ ఆగడాలే. అది కాకపోతే అప్పుడు కీబోర్డును అనుమానించవచ్చు.

తాళం రెక్క విరిగిపోయి ఉంటే? పట్టీ వెనక వైపు కాప్టన్ టేపు ముక్క అంటించి, మందం పెంచి బిగుతుగా దూర్చడం బజారులో అందరికీ తెలిసిన చిట్కా. కొన్నేళ్లు అలాగే నడిచే యంత్రాలున్నాయి. కానీ సాకెట్ మార్చడం అంత పెద్ద పనేం కాదు, చిప్ లెవెల్ పని చేసేవాళ్లు వేడిగాలితో మార్చేస్తారు. దానికోసం బోర్డు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే మరో షాపు చూసుకోవచ్చు.

వైఫై కార్డు ముట్టుకున్నవాళ్లు నల్లతీగ, తెల్లతీగ చూసే ఉంటారు. కార్డు మీది చిన్న గుండీల్లాంటి బొడిపెలకు అవి నొక్కుకోవాలి. ఊడితే సిగ్నల్ పూర్తిగా పోదు. రూటర్ పక్కన కూర్చుంటే వస్తుంది, పక్కగదిలోకి వెళ్తే రాదు. అందుకే జనం ముందు ఇంటర్నెట్ కంపెనీని తిడతారు. ఈ బొడిపెలను తీసి పెట్టడానికి తయారీదారులు లెక్కకట్టే ఆయుష్షు సుమారు 30 సార్లే. అక్కర్లేకుండా కదపొద్దు.

తెర నల్లబడితే టార్చి

తెర దగ్గర జరిగే పొరపాటు కొంచెం ఖరీదైనది. బ్యాటరీ ప్లగ్గు తీయకుండా తెర కేబుల్‌ను పీకడమో పెట్టడమో చేస్తే, వెనక వెలుగుకు వెళ్లే వోల్టేజీ పిన్ను పక్క పిన్నును తాకి, బోర్డు మీది ఆవగింజంత ఫ్యూజు ఎగిరిపోవచ్చు. అప్పుడు విండోస్ లేచిన చప్పుడు వినిపిస్తుంది, తెర చీకటి. గదిలో లైటు తీసి, తెర మీద టార్చిని ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కనిపిస్తే తెర బతికే ఉంది, వెలుగే పోయింది. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఆ ఫ్యూజును పట్టేస్తారు. అంతకుముందు కేబుల్ రెండు చివర్లూ ఒకసారి తీసి పెట్టి చూడటం మాత్రం మరవద్దు.

బొమ్మ కూడా లేకపోతే హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపండి. టీవీలో వస్తే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ అన్నీ నిర్దోషులు. డెల్‌లో డి మీట పట్టుకుని పవర్ నొక్కితే తెర తనంతట తానే రంగులు మారుస్తూ పరీక్ష చేసుకుంటుంది. రంగులు వచ్చాయంటే ప్యానెల్ బాగున్నట్టు. కొత్త ప్యానెల్ కొన్నవాళ్లు 30 పిన్నులదా, 40 పిన్నులదా అన్నది చూసుకోవాలి. సైజు ఒకటే అయినా సాకెట్ ఒకటి కాదు.

అన్నీ సరిగ్గా ఉండి, తెర మూత తెరిచే ఉన్నా ల్యాప్‌టాప్ పదే పదే నిద్రలోకి జారిపోతోందా? మూత మూసిన సంగతి యంత్రానికి చెప్పేది ఒక చిన్న అయస్కాంతం. స్క్రూలు చెదరకుండా వేసుకున్న అయస్కాంతపు చాప ల్యాప్‌టాప్ కింద ఉన్నా మూత పడిందనే అది అనుకుంటుంది. చాప తీసేస్తే జబ్బు మాయం.

ఆ మిగిలిన స్క్రూ

ల్యాప్‌టాప్ అడుగున స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. సాధారణంగా కీలు వైపువి పొడుగ్గా, అరచేతులు ఆనే వైపువి పొట్టిగా ఉంటాయి. పొడుగుది పొట్టి చోట బిగిస్తే మెల్లిగా తిరుగుతూ పోయి టచ్‌ప్యాడ్‌ను కింద నుంచి పొడుస్తుంది, లేదా పైన ప్లాస్టిక్ మీద చిన్న బుడిపె లేస్తుంది. ఖర్మ కాలితే బోర్డు పొరల్లోని తీగను కోసేస్తుంది. ఇంటి రిపేరులో బోర్డు నిజంగా చచ్చే దారుల్లో ఇదొకటి. టచ్‌ప్యాడ్ నొక్కు పడకపోయినా, బాణం తనంతట తానే గంతులేసినా ముందు అడుగు స్క్రూలు వదులు చేసి చూడండి. బిగుతుగా ఉంది కదా అని ఇంకాస్త తిప్పే చేతికి కూడా ఒక మాట: స్క్రూలు దిగే ఇత్తడి గొట్టాలు ప్లాస్టిక్‌లో కూర్చున్నవే, మరీ తిప్పితే స్క్రూతో సహా ఊడి వస్తాయి. చవక మోడళ్లలో కీళ్లు విరిగేది ఎక్కువగా అక్కడే.

ఫ్యాను శుభ్రం చేసినవాళ్లకు ఎదురయ్యేవి రెండు. ఫ్యాను ప్లగ్గు మరిచిపోతే హెచ్‌పీ 90బి అనే లోపం చూపిస్తుంది, థింక్‌ప్యాడ్ ‘ఫ్యాన్ ఎర్రర్’ అని చెప్పి ఆగిపోతుంది. రెండోది, వెలిగిన కొద్ది నిమిషాలకే సెగలు కక్కి ఆగిపోవడం. అంటే హీట్‌సింక్ ప్రాసెసర్‌కు ఆనలేదు. హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి, ఆ వరసలో కొంచెం కొంచెంగా బిగించాలి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు పైన రేకు కవచం ఉండదు, నేరుగా గాజులా మెరిసే చిప్పే. ఒక మూల ఒక్కసారిగా బిగిస్తే రెండో మూల పెళుసుగా విరిగే ప్రమాదం ఉంది. పక్కనున్న మెత్తటి ప్యాడ్లను పారేసి, వాటి చోట కూడా పేస్టే పూసేవాళ్లున్నారు. ప్యాడ్ ఉన్నచోట ఖాళీ ఎక్కువ, దాన్ని పేస్టు పూడ్చలేదు.

స్థిర విద్యుత్తు గురించి అతిగా భయపెట్టడం నాకిష్టం లేదు, కానీ లెక్క తెలియాలి. వేలికి చురుక్కుమనాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్పులు చెడిపోవడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. పొడిగాలి ఉండే చలికాలంలో, సింథటిక్ దుప్పటి మీద కూర్చుని విప్పడం మానుకుంటే చాలు.

48 అంకెలు

ఈసారి యంత్రం లేచింది. కానీ విండోస్ రాకుండా నీలం తెర మీద ఒక తాళంచెవి అడుగుతోంది. బోర్డులోని భద్రతా చిప్పుకు మార్పు కనిపిస్తే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి తమ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఉందన్న సంగతే అప్పుడు తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే ఆ ఖాతాలోనే కీ దాచి ఉంటుంది, ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఖాతా పాస్‌వర్డు అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరుంటే, అక్కడ తెల్లారేదాకా ఆగాలి. మూత విప్పేముందే ఆ అంకెలు రాసి పెట్టుకుంటే ఈ పాట్లు ఉండవు.

బ్యాటరీ ఎక్కువసేపు తీసి ఉంచినా, బోర్డు మీది సీమాస్ బ్యాటరీ బిళ్ల కదిలినా బయోస్ సెట్టింగులు మొదటికి రావచ్చు. గడియారం వెనక్కి పోతుంది, వెబ్‌సైట్లన్నీ భద్రత లేదంటూ గోల పెడతాయి. అది తేదీ సరిచేస్తే పోయే జబ్బు. ఇంకోటి కొంచెం జిత్తులమారిది. డిస్కు నడిచే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిపోతే విండోస్ ‘బూట్ డివైజ్ అందడం లేదు’ అంటుంది. డిస్కు పోయిందని కొత్తది కొనేముందు బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగు మార్చి చూడండి.

ఉబ్బిన బ్యాటరీ విషయంలో మాత్రం ప్రయోగాలొద్దు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి, మూత సరిగా మూసుకోకపోతే కింద బ్యాటరీ గాలి బుడగలా మారిందని అనుమానించాలి. గుచ్చకూడదు, వంచకూడదు, మళ్లీ ఛార్జి చేయకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. కొత్తది పెట్టాక కూడా కింది మూత అంచుల్లో గట్టిగా మూసుకోకపోతే కొత్త బ్యాటరీ కొలతలు తేడా, లేదా కింద తీగ నలుగుతోంది. నొక్కి బిగించేయకండి.

విప్పడమే నేరమా?

మూత విప్పితే వారంటీ పోతుందన్న భయం కొంత నిజం, కొంత ప్రచారం. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడం కుదరదు. స్టిక్కర్లు చూపించి బెదిరిస్తున్న ఆరు కంపెనీలకు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో హెచ్చరిక లేఖలు పంపింది. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, కంపెనీల మాన్యువళ్లు, సర్వీసు వివరాలు ఒకచోట దొరికేలా పోర్టల్ ప్రారంభించారు. మంచి అడుగే, చట్టం కాదు.

అసలు అడ్డంకి తయారీలోనే ఉంది. 2012లో వచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంది, బ్యాటరీని జిగురుతో అంటించారు. యంత్రాలను విప్పి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ దానికి పదికి 1 ఇచ్చింది. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్‌కు పదికి 10 వచ్చాయి, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ టీ14కి 9 వచ్చాయి. సన్నగా చేయాలంటే అతికించక తప్పదన్న వాదనకు ఈ రెండూ జవాబు. కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు అడిగే మనం, ర్యామ్ మార్చుకోవచ్చా అని కూడా అడిగితే షాపువాళ్లకూ కంపెనీలకూ ఆ సంగతి చేరుతుంది.

షాపుకు వెళ్లక తప్పకపోతే

పట్టీలన్నీ చూశారు, ర్యామ్ మార్చి చూశారు. ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు, టచ్‌ప్యాడ్ పట్టీ అన్నీ తీసేసి, ఒక్క ర్యామ్ ముక్క, ఛార్జరు, పవర్ బటన్ మాత్రమే ఉంచి చూసినా దీపం లేదు. ఛార్జరు తగిలించగానే ఏదైనా చిప్పు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, లేదా కమురు వాసన వస్తోంది. ఇక ఇంట్లో చేయగలిగింది అయిపోయింది. అది షార్టు, చిప్ లెవెల్ పని.

కౌంటర్ దగ్గర ‘దానంతట అదే ఆగిపోయింది’ అని చెప్పొద్దు. ఏం విప్పారో, ఏం పెట్టారో, ఏ స్క్రూ మిగిలిందో చెబితే మెకానిక్‌కు గంట కలిసొస్తుంది, అతను చేయని తప్పుకు మీరు, మీరు చేయని తప్పుకు అతను మాట పడకుండా ఉంటారు. తీసిన స్క్రూలు కవరులో వేసి ఇవ్వండి. ‘బోర్డు మార్చాలి’ అంటే ఏ లైనులో షార్టు ఉందో, ఏ భాగం పోయిందో మల్టీమీటర్ పెట్టి చూపించమని అడగండి. నిజంగా చూసినవాళ్లు చూపిస్తారు. మార్చిన పాత భాగం వెనక్కి ఇమ్మని ముందే చెప్పండి.

ఇంకొక్కటి. ఎలాగూ మూత విప్పడం నేర్చుకున్నారు కాబట్టి, ఇచ్చేముందు ఎస్‌ఎస్‌డీ ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. అందులో మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు, పాస్‌వర్డులు ఉంటాయి. బోర్డు బాగైందో లేదో తేల్చడానికి అదక్కర్లేదు. బయోస్ తెర వచ్చి, ర్యామ్ సరిగ్గా చూపిస్తే, ఫ్యాను తిరిగితే, ఛార్జి ఎక్కితే చాలు. వద్దన్నా ‘విండోస్ కూడా వేసి ఇస్తామన్నా’ అంటారు, వద్దనే చెప్పండి.